బొంత, కుట్టు, అల్లిక: గృహసూచీకర్మకు సంబంధించిన పదములు

నేతను గూర్చి మన దేశభాషలలో వ్రాయబడినంతగా కుట్టును గూర్చి వ్రాయబడలేదు. నేతకు మగ్గము కలదు, కులము కలదు, శాసనములలో మగ్గపు పన్ను కలదు. అంగడిలో కూర్చుండి కుట్టువానికిని పేరు కలదు: తెలంగాణమున మేర, చిప్పోలు, కన్నడమున చిప్పిగ, పారసీకమునుండి వచ్చిన దర్జీ. కాని వంటకును పడకకును నడుమ, ఇంటి వసారాలో, సూది చేతబట్టి కూర్చున్న ఇల్లాలికి ఆ పనిని బట్టి వచ్చిన పేరేదియు లేదు. ఆమె చేయు పనికి మాత్రము మాటలు కలవు. వానిలో కొన్ని నిఘంటువుల కెక్కినవి, కొన్ని ఎక్కలేదు. ఎక్కినవానికిని అర్థము తఱచుగ ఒక్క ముక్కలో తేల్చివేయబడినది. బొంత కుట్టుట, బట్టలు కుట్టుట, ఊలును నూలును అల్లుట అను మూడు పనులు ఒకే ఇంట ఒకే కాలమున సాగునపుడు వాడుకలోనుండు పదజాలము తెలుగునను, ఇరుగుపొరుగు భాషలలోను ఎట్లున్నదో ఇచట విచారింపబడుచున్నది.

ముందుగ ఈ మూడు పనులు ఒక్క దినములో ఎట్లిముడునో చూడవలయును. ఏలయన పదముల భేదము చాలవఱకు పనుల భేదమునుండియే పుట్టినది. బొంతకు నేల కావలయును. పాతచీరలును పంచెలును ఉదికి ఆరవేసి, చిరుగులు లోనికిని మెత్తని చీర పైకిని వచ్చునట్లు పొరలు పొరలుగ పరచి, అంచులు కదలకుండ బరువులుంచి, దబ్బనముతో పెద్ద కుట్లు వేసికొనుచు పోవలయును. పరచిన బొంత గదినంతను ఆక్రమించును. మధ్యాహ్న భోజనములైన తరువాతనే దానికి చోటు దొరకును. పిల్లలు బడినుండి వచ్చులోపల చుట్టి మూలబెట్టవలసి యుండును. ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరు ముగ్గురు చేరినచో పని త్వరగ తెమలును. రవికకు కాజా కుట్టుట, చినిగిన చొక్కాకు మాసిక వేయుట వెలుతురుతో కూడిన పనులు; కన్ను వానిపైనుండి మరల్చరాదు. అల్లిక అట్లు కాదు. అది ఒడిలో ఇముడును, సంచిలో ఇముడును. పొయ్యిమీద పాలు చూచుచు, పలుకరింప వచ్చినవారితో మాటలాడుచు, రైలుబండిలో కూర్చుండియు చేయవచ్చును. వరుసల లెక్క తప్పకున్న చాలును. అందుచే ఒక పని నిలిచినచోట మఱియొకటి సాగుచుండును. సగము కుట్టిన బొంత, చేతులు అతుకని చొక్కా, మెడవఱకు వచ్చిన స్వెట్టరు ఒకే ఇంట పెట్టెలో కానవచ్చుట వింత కాదు. చూచినవారు ఏదియు పూర్తి కాలేదందురు. నిజమునకు ఒకదానిని ముగించి మఱియొకటి మొదలుపెట్టు వీలు ఇంటిపనిలో లేదు.

తెలుగున ఈ రంగమునకెల్ల మూలమైన క్రియ ‘కుట్టు’. దీని అర్థవ్యాప్తి గమనింపదగినది. బట్ట కుట్టుదురు, విస్తరి కుట్టుదురు, బిడ్డకు చెవులు కుట్టింతురు. తేలు కుట్టును, చీమ కుట్టును. ఇతరుల కలిమికి కన్ను కుట్టును. విస్తరికుట్టున దారము లేదు, పుల్ల కలదు. చెవికుట్టున అతుకుట లేదు, రంధ్రము చేయుట మాత్రమే కలదు. తేలుకుట్టున ముల్లు గ్రుచ్చుట తప్ప మఱేమియు లేదు. అన్నింటను సామాన్యమైనది మొనగల వస్తువుతో పొడుచుట. కావున పొడుచుట మొదటి అర్థమనియు, అతుకుట దానినుండి వచ్చిన అర్థమనియు చెప్పుట యుక్తము. తమిళమున కుట్టుటకు ‘తై’ అందురు. ముల్లు కాలికి గ్రుచ్చుకొన్నను అదే క్రియ. చెవులు కుట్టుటకు మాత్రము అచట ‘కుత్తు’ అను మాట కలదు. దీనిని తెలుగు ‘కుట్టు’తో తొందరపడి ఏకము చేయరాదు, టకార తకార భేదమునకు ముందు సమాధానము చెప్పవలసి యుండును. సంస్కృతమున అమరకోశము కుట్టుపనివానిని ‘తున్నవాయుడు’, ‘సౌచికుడు’ అని చెప్పినది. ‘తున్న’ శబ్దము ‘తుద్’ ధాతువునుండి వచ్చినది. పొడుచుట దాని అర్థము. ఒకదానితో ఒకటి పుట్టుక చేత సంబంధము లేని కుట్టు, తై, తున్న శబ్దములు మూడును అర్థవిషయమున ఒకే త్రోవ నడచినవి.

సంస్కృత ‘సివ్’ ధాతువున పొడుచుట అను భావము పైకి కానరాదు. హిందీ ‘సీనా’, ‘సిలాయీ’, మరాఠీ ‘శివణే’, బెంగాలీ ‘సేలాయి’ దాని సంతతి. ‘సూత్ర’ శబ్దమును ఉణాదిసూత్రములు ఈ ధాతువునుండియే సాధించినవి. వ్యాకరణసూత్రమునకు మూలము కుట్టుదారమే యనుట శాబ్దికులకు కొంత వినోదకరము.

కుట్టుపని పారిభాషిక పదములు ప్రాచీనభారతమున విస్తారముగ దొరకు చోటు ఒకటి కలదు. అది గృహము కాదు, బౌద్ధవిహారము. పాలీ వినయపిటకమందలి మహావగ్గమున చీవరములను గూర్చిన ఖంధకము కలదు. మగధదేశపు పొలములు గట్లతోను మళ్లతోను ఏర్పడియున్న తీరును బుద్ధుడు చూపి, భిక్షువుల చీవరము అట్లు కూర్పగలవా యని ఆనందుని అడిగెననియు, ఆనందుడు అట్లే కూర్చెననియు అందు చెప్పబడినది. ఆ సందర్భమున కుసి, అడ్ఢకుసి, మండల, అడ్ఢమండల, వివట్ట, అనువివట్ట అని చీవరఖండములకు వేఱువేఱు పేర్లు వచ్చినవి. చుల్లవగ్గమున వ్రేళ్లకు సూది గ్రుచ్చుకొనకుండ తొడుగుకొను ‘పటిగ్గహ’మును, బట్టను బిగించి కుట్టుటకైన ‘కఠిన’మను చట్రమును చెప్పబడినవి. భిక్షువునకుండదగిన ఎనిమిది పరిష్కారములలో సూది ఒకటి. సూదిపెట్టె ఎముకతోను దంతముతోను కొమ్ముతోను చేయించుకొనరాదను నియమము సైతము కలదు. అమరావతి, నాగార్జునకొండ మొదలగు ఆంధ్రవిహారములలోని భిక్షువుల చేతులలో సూది ఉండెడిదనుటకు ఇంతకన్న వేఱు నిదర్శనము అక్కఱలేదు. అతుకుల వస్త్రమునకు ఇంత సూక్ష్మమైన పరిభాష నిలిచినది, అది వినయనియమములలోని కెక్కుట చేత. అదే కాలమున ఇండ్లలో పాతగుడ్డలు అతికిన స్త్రీలును తమ ముక్కలకు పేర్లు పెట్టుకొనియే యుందురు. వానిని కంఠస్థము చేయించు సంఘము వారికి లేకపోయెను.

ఇక బొంత. తెలుగున ఈ శబ్దము పాతబట్టల పొరలు కలిపి కుట్టిన పఱుపునకును కప్పుకొను బట్టకును చెల్లును. ‘అతుకుల బొంత’ యని పొందికలేని రచననో ప్రభుత్వమునో నిందించుట వ్యవహారమున కలదు. ఈ నిందను బొంత కుట్టినవారు ఒప్పుకొనరు. మంచి బొంతలో అతుకులు ఏ ముక్క ఎచట బలహీనమో తెలిసి వేసినవి, వరుసలు తీర్చినట్లుండును. బొంతకాకి, బొంతజెముడు, బొంతఅరటి మొదలగు సమాసములలో ‘బొంత’ లావు, మోటు అను అర్థమునిచ్చుచున్నది. ఈ విశేషణమును పడకబొంతయు ఒక్కటే కావచ్చును, కాకపోవచ్చును. లావైన బట్ట కావున బొంత యైనదని చెప్పుట సులభమే. కాని బొంతఅరటిని తమిళులు ‘మొందన్’ అందురు. అచట మకారాదియైన శబ్దమున్నది. పడకకు మాత్రము ఆ మాట వాడుకలో లేదు. రెండు వేఱు మాటలు తెలుగున ఒకే రూపము పొందినవని భావించుటయే మేలు.

‘గంతకు తగిన బొంత’ అను సామెత నేడు ఎక్కువగ దంపతుల పొందికను గూర్చి, కొంచెము వెక్కిరింతగ, వాడబడుచున్నది. బరువు మోయు పశువు వీపున వేయునది గంత. దాని కొలతకు సరిపడ పాతగుడ్డలతో కుట్టినది బొంత. పెరిక యెడ్ల వర్తకము రోడ్లును రైళ్లును వచ్చిన తరువాత అడుగంటెను, గంత యను వస్తువు కనుమరుగయ్యెను. సామెతలో మాత్రము మిగిలిన ఆ శబ్దమును చాలమంది ప్రాసకొఱకు వేసిన అర్థరహితమైన మాట యనుకొందురు. బొంత పశువు వీపునకును మనుష్యుని వీపునకును సమానముగ పనికివచ్చిన వస్తువని ఈ సామెత చెప్పుచున్నది.

సంస్కృతమున బొంతకు ‘కంథా’ శబ్దము ప్రసిద్ధము. భర్తృహరి వైరాగ్యశతకమునను, భజగోవిందస్తోత్రమునను ఇది విరక్తుని వస్త్రముగ వచ్చును. తమిళమున ‘కందై’ చింకిబట్టకు పేరు. పాణిని సూత్రములలో కానవచ్చు ‘కంథా’ మాత్రము వేఱు. అది ఉశీనరాది దేశములలో గ్రామనామముల చివర వచ్చునది, బట్టతో దానికి సంబంధము లేదు. కృష్ణదాస కవిరాజు రచించిన బెంగాలీ చైతన్యచరితామృతమున ఒక ఘట్టము కలదు. కొలువు విడిచి వచ్చిన సనాతనుడు కాశిలో ఖరీదైన భోటకంబళి కప్పుకొనియుండగా చైతన్యుడు దానివంక మాటిమాటికి చూచెను. సనాతనుడు భావము గ్రహించి గంగయొడ్డునకు పోయి, తన కాంథాను ఆరవేసికొన్న ఒక గౌడదేశీయునికి కంబళినిచ్చి దానిని పుచ్చుకొనెను. ఇట్టి ఘట్టములన్నింటను కంథ వైరాగ్యచిహ్నము. దానిని ఎవ్వరు కుట్టిరను ప్రశ్న ఎచటను రాదు.

ఆ ప్రశ్న వచ్చుటకు ఇరువదవ శతాబ్దము కావలసి వచ్చెను. బెంగాలులో గురుసదయ్ దత్తు పల్లెలనుండి కాంథాలను సేకరించెను. 1939లో స్టెల్లా క్రామ్రిష్ వానిని గూర్చి ప్రత్యేకవ్యాసము ప్రకటించెను. అంతకు పదియేండ్లు ముందే, 1929లో, జసీముద్దీన్ ‘నక్షీ కాంథార్ మాఠ్’ అను కథాకావ్యము వెలువరించెను. అందు నాయిక సాజు భర్త దూరమైన తరువాత తన బ్రతుకంతయు కాంథామీద బొమ్మలుగ కుట్టి, మరణించిన పిదప దానిని తన గోరీపై పరువుమని కోరును. కాంథాకు దారము కొనరు. పాతచీర అంచులనుండి రంగుపోగులు లాగి దానితోనే కుట్టుదురు. పాతబట్ట నిలువెల్ల మరల వాడబడుట తెలుగు బొంతకును లక్షణమే. నక్షీ కాంథాకు బొమ్మ ప్రధానము, తెలుగు బొంతకు కుట్టువరుస ప్రధానము. బొమ్మ యుండుటచే కాంథా ప్రదర్శనశాల కెక్కెను, బొంత అటుకయెక్కెను.

ఇతరభాషలలోని పేర్లు వేఱువేఱు చరిత్రలు కలవి. బీహారున ‘సుజనీ’; ఇది పారసీకమున సూదికి పేరైన ‘సోజన్’ శబ్దమునకు చెందినది. మరాఠీలో ‘గోధడీ’, హిందీలో ‘గుదడీ’. చింకిబట్టలలో మాణిక్యమని అర్థము వచ్చు ‘గుదడీ కా లాల్’ హిందీ నానుడి. ఉత్తరకర్ణాటకమున ‘కౌది’, ఉత్తరకన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టునది ‘కవంది’. సింధు, రాజస్థాన ప్రాంతములలో ‘రల్లీ’. తెలుగునాట నివసించు లంబాడీ స్త్రీల ఫేటియా, కాంచళి, టుక్రీలలోని అతుకుపనియు అద్దాలకుట్టును ఈ కుటుంబమునకు దగ్గఱవే యైనను, ఆ పదములు తెలుగుపదములతో కలియక తమ భాషలోనే నిలిచినవి. వస్తువు పక్కపక్కనే యున్నను పేరు దాటిరాకపోవుట ఇచట విశేషము.

‘దుప్పటి’ శబ్దమును గూర్చి ఒక మాట. హిందీ ‘దుపట్టా’ వలెనే ఇదియు రెండు పట్టములు కలది యను అర్థమునుండి వచ్చినది. మగ్గముమీద వచ్చు పన్న ఒక మనుష్యునికి కప్పుటకు చాలనపుడు రెండు పన్నలను నిడివిగ కలిపి కుట్టిరి. నేటి దుప్పటికి నడుమ కుట్టు లేదు. పేరులో మాత్రము ఆ కుట్టు ఉన్నది.

అల్లికను గూర్చి భాషలను పోల్చినచో ఒక స్పష్టమైన భేదము కానవచ్చును. హిందీలో మగ్గమున బట్ట చేయుటయు, సూదులతో స్వెట్టరు చేయుటయు ‘బున్‌నా’యే. బెంగాలీ ‘బోనా’, మరాఠీ ‘విణణే’ అట్టివే. ద్రావిడభాషలు రెండింటిని వేఱుచేసినవి. తెలుగున బట్ట నేయుదురు, స్వెట్టరు అల్లుదురు. తమిళమున ‘నెయ్’ వేఱు, ‘పిన్ను’ వేఱు. కన్నడమున ‘నేయ్’ వేఱు, ‘హెణె’ వేఱు. ఈ ‘హెణె’ తెలుగు ‘పెనవేయు’లోని ‘పెన’కు జ్ఞాతి. పడుగుపేకలు, మగ్గము ఉన్నచో నేత. చేతివ్రేళ్లతో పోగును పోగుతో మెలివేయుట అల్లిక. అందుచేతనే జడ, బుట్ట, తడిక, పందిరిపై తీగ, చివరకు లేని కథ, అన్నియు అల్లబడును. అల్లసాని పెద్దన కవిత్వమును మెచ్చుకొనువారు ‘అల్లిక’ యను మాటనే ఎన్నుకొనిరి, ‘నేత’ యనలేదు. సూదులతో ఊలు అల్లు విద్య దక్షిణమునకు పాశ్చాత్యుల వలన వచ్చినదైనను, తెలుగు దానికి కొత్త క్రియను వెదకికొనలేదు. పాత క్రియ సిద్ధముగ నుండెను. పరికరముల విషయమున అట్లు జరుగలేదు. గొఱ్ఱెమీదిది ‘ఉన్ని’ యయ్యెను, అంగడిలో ఉండగ కొనునది ‘ఊలు’ అయ్యెను. హిందీ స్త్రీలు అల్లికలోని కన్నును ‘ఫందా’ యని, దాని రెండు రీతులను ‘సీధా’, ‘ఉల్టా’ యని చెప్పుకొందురు. బెంగాలీలో అది ‘ఘర్’, అనగా ఇల్లు. తెలుగు ఇండ్లలో నిట్టు, పర్లు అను ఆంగ్లపదములే విననగును. చలి తక్కువ, అవసరము తక్కువ; అందుచే మాటలు ఊరలేదు.

కొక్కెపుసూదితో అల్లు లేసు సంగతి దీనికి భిన్నము. పశ్చిమగోదావరి ప్రాంతమున నరసాపురము చుట్టుపట్ల పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున ఈ పని ప్రవేశించి, వేలకొలది స్త్రీల చేతులలో విదేశములకు ఎగుమతియగు సరకుగ మారెను. మరియా మీస్ 1982లో ప్రకటించిన నరసాపురపు లేసుపనివారలను గూర్చిన గ్రంథము భాషావేత్తలును చదువదగినది. ఆ స్త్రీలు ఇంటిపనితోపాటు దినమున అనేక గంటలు అల్లినను వారిని కార్మికులుగ గాక గృహిణులుగను, వారి పనిని తీరికవేళ కాలక్షేపముగను వర్తకులు చెప్పుచుండుట, కూలి తక్కువగ నుండుటకు ఆ మాటయే ఆధారమగుట ఆమె వివరించెను. ‘తీరిక’ యను పదము ఇచట వర్ణనము కాదు, ధర నిర్ణయించు సాధనము. పాలు పొంగకుండ చూచుచు అల్లుట తీరికకు గుర్తు కాదని పైన చెప్పిన దినచర్యయే తెలుపగలదు.

కుట్టుమిషను వచ్చుటతో పదజాలము మఱియొకమారు కలగాపులగమైనది. అంతకు ముందే పోర్చుగీసువారి వలన బొత్తాము, ఇస్త్రీ, కాజా వచ్చియుండెను; పారసీకము, ఉర్దూల వలన అంగుస్తాను, బఖియా వచ్చెను. ఆంగ్లమున బహువచనమైన మాట తెలుగున ‘పిన్నీసు’ అను ఏకవచనమైనది. హిందీ పోర్చుగీసునుండి ‘ఆల్‌పీన్’ తెచ్చుకొన్న చోట తెలుగు ‘గుండుసూది’ యని తనదైన చక్కని మాట చేసికొన్నది. యంత్రములను శంకించిన గాంధీజీ సైతము 1924లో సింగరు కుట్టుమిషనును మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక సింగరు దానిని కనిపెట్టెనని ఆయన చెప్పిన కారణము. 1930 దశకమున కలకత్తాలో ఉషా మిషనుల తయారీ మొదలైనపిదప మిషను మధ్యతరగతి ఇండ్లకు వచ్చెను. మిషనుకుట్టు, చేతికుట్టు అను జంట అపుడు పుట్టినది. అంతకుముందు కుట్టు అన్న చేతికుట్టే కావున ‘చేతి’ యను విశేషణము అక్కఱలేకపోయెను. బొంత మిషను సూదిక్రింద ఇముడదు. ఇంట దబ్బనము నిలిచియున్నచో దానివలననే.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము వెలువడెను: 1962లో వ్యవసాయపదములు, 1971లో చేనేతపదములు. ఊరూర తిరిగి వృత్తివారి నోటినుండి మాటలు సేకరించిన ఆ పద్ధతి దేశభాషలన్నింటికిని మార్గదర్శకము. కాని వృత్తిని ప్రాతిపదికగ గొన్న సేకరణకు ఇంటికుట్టు సులభముగ అందదు. నేతగానిని అడిగినచో పదములు చెప్పును. ఇల్లాలిని అడిగినచో ‘ఇందులో ఏమున్నదండీ, పాతగుడ్డలే కదా’ యనును. మాటలు అడిగిన రావు, పని జరుగుచుండగ పక్కన కూర్చున్నచో వచ్చును: ‘ఆ పేలిక ఇటు తే’, ‘కొస ముడివేయి’, ‘పోగు పొడుగు తీయకు, చిక్కుపడును’, ‘ఈ వరుస వంకర పోయినది, విప్పు’. బొంత పరచు క్రమము, వరుసల నడుమ ఎడము, మూలమడత, లోపొర, పైపొర వీనికి ఊరికొక మాట వినబడుటకు వీలున్న చోటు ఇదియే.

అన్నింటికంటె ముందు సేకరింపవలసినవి పసిబిడ్డ బట్టల పేర్లు. అవి త్వరగ పోవుచున్నవి. ప్రసవమునకు వచ్చిన కూతురుకొఱకు తల్లి పాత నూలుచీరను చింపి, మెత్తని నడిమిభాగమును పొత్తిగుడ్డలకును, అంచువైపు గట్టిభాగమును చిన్నబొంత అడుగుపొరకును వేఱుచేయును. కొత్తబట్ట బిడ్డ ఒంటికి గఱకు తగులును గనుక పాతదే కావలయును. ‘పొత్తిళ్లలోని బిడ్డ’ యను పలుకుబడి పుస్తకములలో నిలిచియున్నది. చీర చింపునపుడు ఏ భాగమును ఏమందురో చెప్పగలవారు మాత్రము ఇప్పుడు అమ్మమ్మల తరమువారే.